నేను ఇప్పించిన హామీ

మా పార్లమెంటు సభ్యుడి చేత ఉప్పలగుప్తం వైపు మురుగు కాలువ పూడిక తీయిస్తానని హామీ ఇప్పించింది నేనే. మండుటెండలో ఆయన కారుకు అడ్డంగా నిలబడి, కాలువ చూపించి, అప్పటికప్పుడు మాట తీసుకున్నాను. మర్నాడు జిల్లా పేజీలో నాలుగు కాలమ్‌ల వార్త. అమలాపురం బస్టాండులో నాతో టీ తాగిన ప్రతివాడికీ ఈ సంగతి చెప్పాను.

ఇప్పుడు కొంచెం తగ్గించుకుంటాను. వార్త ఒక్క కాలమే. ఎండ లేదు, పొద్దు వాలింది. కారుకు అడ్డంగా కాదు, పక్కగా నిలబడ్డాను. పైగా ఆయన రాకముందే వార్త పంపేశాను. మా పల్లె విలేకరుల పద్ధతే అది. నాయకులు చెప్పిన వేళకు రారు, డెస్కు వాళ్ళు ఆగరు. అందుకని మధ్యాహ్నమే ‘పరిశీలించారు, వానాకాలం సార్వా నాట్లలోపు పూడిక తీయిస్తామని హామీ ఇచ్చారు’ అని రాసి, కింద పాల్గొన్నవారి పేర్లు చేర్చి ఫోన్లో పంపేస్తాం. హామీ తప్పితే మమ్మల్నెవరూ అడగరు. పేరు తప్పితే మాత్రం ఇంటికొస్తారు.

ఆయన వచ్చారు. గట్టు మీద కారు నిమిషం ఆగింది, అద్దం సగం దిగింది. ‘కాలువండీ’ అన్నాను. ‘చూద్దాం’ అన్నారు. కారు కదిలిపోయింది.

నాకేం పట్టేది కాదు గానీ, ఆ కాలువ కింద మా వరస చెల్లెలికి రెండెకరాలున్నాయి. మొగుడు పోయిన మనిషి. ఏటా చేను మునుగుతుంటే విసిగి, ఆ ఏడు రొయ్యల చెరువుకి లీజుకిచ్చేద్దామనుకుంది. నా వార్త చూసి, లీజుకి వచ్చినవాళ్ళని వెనక్కి పంపేసి వరినారుకి ఆకుమడి పోసింది.

అది తెలిసిన దగ్గర్నుంచి నాకు కాలు నిలవలేదు. పూడిక తీసే పొక్లెయిన్ వచ్చిందేమోనని రోజుకు రెండుసార్లు స్కూటర్ మీద గట్టుకి వెళ్ళేవాణ్ణి. కాలువ నిండా గుర్రపుడెక్క తప్ప ఏమీ ఉండేది కాదు. ఇంటికొచ్చి టీవీలో పార్లమెంటు పెట్టుకునేవాణ్ణి. ఒకరోజు మా ఎంపీగారు లేచారు. నేనూ లేచాను. రైళ్ళ గురించి మాట్లాడి కూర్చున్నారు. ఆయన పీఏకి ఫోన్ చేశాను.

“ఆయ్, చెప్పండి.”

“కాలువ సంగతండీ. సారు హామీ ఇచ్చేరు కదా.”

“ఇచ్చేరని మీ పేపర్లోనే చూసేమండీ. ఎప్పుడిచ్చేరో మీకే తెలియాలి.”

వానలు పట్టుకున్నాయి. నాట్లేసిన పదోరోజుకి కాలువ ఎగదన్ని చేనంతా నీళ్ళు. పంచె ఎగగట్టుకుని చేలోకి దిగి, ఆమెకి నిజం చెప్పేశాను.

“ఆయన తీయిస్తాననలేదమ్మా. చూద్దాం అన్నారంతే. మిగతాది నేను కలిపేను.”

ఆమె తేలిపోతున్న నారు ఏరుకుంటూ, తలెత్తకుండా అంది.

“ఆ చూద్దామన్నది కూడా మీతో కాదండీ అన్నయ్యగారూ. ఆయన చెవి దగ్గర ఫోనుంది. నేను కారు అవతలి పక్కనే ఉన్నాను.”

“మరి తెలిసీ ఎందుకు నాటేవు?”

“పేపర్లో వేసేరు కదండీ. నాకే సరిగ్గా వినపడలేదనుకున్నాను. కాస్త జరగండి, నారు తొక్కేస్తున్నారు.”