తుడిచేసిన పేరు

బుచ్చిరెడ్డిపాలెంలో పుస్తకాలు బైండింగ్ చేసే మీరా మొహిద్దీన్, తాను దాచుకున్న పాత కామిక్స్ ముట్టుకునే ముందు రెండుసార్లు చేతులు కడుక్కుని, వేళ్ల సందుల్లో తడి కూడా తుడుచుకుంటాడు. వాటిలో ఒకదాన్ని, పాత పుస్తకాలు పరిశీలించి మార్కులు వేసే కంపెనీకి పంపినాడు. వాళ్లు పదికి ఏడే వేసి, ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి పంపినారు. చివరి పేజీలో పెన్సిల్ రాత ఉందంట. అది చెల్లెలు జమాల్‌బీ రెండో తరగతిలో రాసుకున్న తన పేరు. మూడు రోజులు ఆలోచించి, మొహిద్దీన్ పెట్టె కోసి, మెత్తటి రబ్బరుతో ఒక్కో అక్షరమే తుడిచి, పుస్తకాన్ని ఇంకో కంపెనీకి పంపినాడు. వాళ్లు ఎనిమిదిన్నర వేసినారు.

మొన్న మనుబోలు నుంచి జమాల్‌బీ వచ్చింది. కొత్త పెట్టెను ఒళ్లో పెట్టుకుని, "లోపల నా పేరు ఇంకా ఉందా అన్నా?" అని అడిగింది. సీలు వేసిన పెట్టె, తెరిచి చూసేవాళ్లు లేరు. ఉందని అనేయచ్చు. అతను గోళ్లకంటిన మైదా జిగురు గోక్కుంటూ, "నేనే తుడిచేసినానమ్మా, మార్కుల కోసం" అన్నాడు. ఆమె "పోనీలే అన్నా, మంచి మార్కులే వచ్చినాయి కదా" అంటూ కొంగుతో దాని మీది దుమ్ము తుడిచి, అతని చేతికిచ్చింది. మొహిద్దీన్ తలెత్తలేకపోయినాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.