మా పొయ్యి గెలిచిన రోజులు

ఉద్యోగం దొరకడమే గొప్ప అనుకునే ఆ రోజుల్లో, దొరికిన ఉద్యోగంలో మనం చేస్తున్నదేమిటో అర్థం కావడం చాలా తర్వాతి సంగతి. పత్రికల్లో చేరకముందు నేను ఏడాదిపాటు ఒక జాతీయ ప్రయోగశాలలో తాత్కాలిక సహాయకుణ్ణి. ఫిజిక్స్ డిగ్రీ ఉంది (మార్కుల సంగతి అడగకండి). పద్మారావు నగర్ నుంచి రెండు బస్సులు మారి వెళ్లి, రోజంతా కట్టెల పొయ్యి వెలిగించేవాణ్ణి. మావాడు సైంటిస్టని అమ్మ వీధంతా చెప్పుకునేది. సాయంత్రం నా చొక్కా వాసన చూసి తనే అనుమానపడేది.

తక్కువ కట్టెతో ఎక్కువ వేడినిచ్చే పొయ్యిని మూడు ప్రయోగశాలలు కలిసి పరీక్షిస్తున్నాయి. అన్నిచోట్లా ఒకే రకం పొయ్యి, ఒకే రకం కట్టె, ఒకే కొలత గిన్నె. నీళ్లు తూచి పెట్టాలి, మరిగించాలి, చివర మళ్లీ తూచాలి. తగ్గినన్ని నీళ్లు ఆవిరయినట్టు, ఎంత ఆవిరైతే పొయ్యి అంత మంచిదన్నట్టు. మూడు చోట్లా లెక్క కలవాలి. కలవనిది మాదొక్కటే. మా పొయ్యి మిగతా రెండింటినీ ప్రతిసారీ చిత్తుగా ఓడించేది. మా ప్రయోగశాలలో ఈ పరీక్షల బాధ్యత చూసే మేడమ్ మొదటి నెల మురిసిపోయారు, రెండో నెలకు నిద్ర మానేశారు. గుంటూరు నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడిన టీచర్ల కుటుంబం వారిది, అనుమానమున్న లెక్క మీద సంతకం పెట్టే మనిషి కాదు. చివరకు ఉత్తరాది ప్రయోగశాల నుంచి ఒక పెద్దాయన స్వయంగా చూడటానికి బయలుదేరారు. తేడా ఎక్కడుందో తేలకపోతే ఉమ్మడి నివేదికలోంచి మా ప్రయోగశాల పేరే తీసేస్తారట. దాంతోపాటే నా కాంట్రాక్టు కూడా.

ఆ రోజు పెద్దాయన నోట్‌బుక్ పట్టుకుని స్టూలు మీద కూర్చున్నారు. కట్టె తూచాను, నీళ్లు తూచాను, మంట రాజేశాను. ప్రతిదానికీ ఆయన తల ఊపుతుంటే మేడమ్ ముఖంలోకి మళ్లీ రంగు వచ్చింది. పదకొండయింది, నీళ్లు తెర్లుతున్నాయి. అంత దూరం నుంచి వచ్చిన మనిషికి టీ అయినా ఇవ్వకపోతే ఏం బాగుంటుందని, మూడు స్టీలు గ్లాసులు తెచ్చి, రోజూలాగే పొయ్యి మీది గిన్నెలో ముంచి, టీ బ్యాగులు వేసి, మొదటి గ్లాసు ఆయనకే అందించాను.

ఆయన గ్లాసు వైపు చూశారు. గిన్నె వైపు చూశారు. నోట్‌బుక్ మూసేశారు.

"బాబూ, రోజూ ఇలాగే చేస్తున్నావా?" అన్నారు మేడమ్ నెమ్మదిగా.

"ఒక్కోరోజు నాలుగు గ్లాసులండీ," అన్నాను.

మా గదిలో కెటిల్ నిషేధం (పొద్దుటి నుంచీ మంటలు పెట్టే చోట కెటిల్ ప్రమాదమట). క్యాంటీన్ చూస్తే చాలా దూరం. ఈ ఉపాయం మొదటి వారంలోనే నాకు నేర్పింది మా అటెండరు. గ్యాస్ బండల కాపలా ఆయనదే కాబట్టి అందరికీ సిలిండర్ మామ. పరీక్ష అయ్యాక నీళ్లెలాగూ పారబోస్తామని ఆయనకు తెలుసు. పారబోసే ముందు వాటిని తూచాలని నాకు తెలుసు. ఈ రెండూ ఒకే గిన్నెకు సంబంధించినవని ఎవరికీ తట్టలేదు. ఇప్పుడు నన్ను కాపాడటానికి మామ గుమ్మంలోంచే అందుకున్నాడు.

"అల్లున్ని ఏమనకుండ్రి మేడమ్. పారబోసే నీళ్లే గద. రోజు మీరు సుత తాగిన్రు."

మేడమ్ కుర్చీలో కూలబడ్డారు. పెద్దాయన మాత్రం ఆ టీ ఆఖరి చుక్క దాకా తాగి, ఖాళీ గ్లాసు నిండా నీళ్లు పోసి తూకం మీద పెట్టి, మూడు ప్రయోగశాలలు వెతుకుతున్న తేడా ఇదేనన్నట్టు దాన్ని మాకు చూపించారు. పాత కాగితాలన్నీ పక్కన పెట్టి, వారం రోజులు టీ లేకుండా పరీక్షలు చేశాం. మా పొయ్యి మిగతా రెండింటిలాగే మామూలు పొయ్యి అయింది. నివేదికలో మా పేరు నిలిచింది. కాంట్రాక్టు ముగిసేదాకా నన్నూ ఉంచారు, గ్లాసులు మాత్రం బీరువాలో పెట్టి తాళం వేశారు.

జరిగింది ఒక పేజీలో రాసివ్వమంటే నేను నాలుగు పేజీలు రాశాను, ఎవరు ఎంత చక్కెర వేసుకునేవారో సహా. మేడమ్ చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "పొయ్యి సంగతి వదిలేయ్ నాయనా, ఏదైనా పేపర్ ఆఫీసు చూసుకో," అన్నారు. చూసుకున్నాను.

ఇప్పటికీ యాప్రాల్‌లో మా ఇంట్లో టీకి నీళ్లు పెడితే, గిన్నెలో నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో ఒకసారి గుర్తుపెట్టుకుంటాను. ఆ ఆవిరిలో, తగ్గిందంతా పొయ్యి గొప్పదనమేనని నమ్మిన ఒక కుర్రాడు మర్యాదగా గ్లాసు పట్టుకుని నిలబడి ఉంటాడు. వాణ్ణి ఆపాలని నాకెప్పుడూ అనిపించదు.