మా తమ్ముడి చేతిలో తుపాకీ

మా తమ్ముడు జీవితంలో ఎన్నడూ తుపాకీ పట్టుకోలేదు. తీర్థంలో బుడగలు కొట్టే తుపాకీ చేతికిస్తే కూడా నాకిచ్చేసి, జీళ్ల కొట్టు దగ్గరికి పోయేవాడు. వాడు సరుకు ఓడలో వంటవాడు. ఓడలో ఉన్న అందరికీ మూడు పూటలా వండిపెట్టడం వాడి ఉద్యోగం. ఎక్కడో రెండు దేశాలు కొట్టుకుంటుంటే, ఆ దారిన గోధుమలు మోసుకెళ్తున్న వీళ్ల ఓడ మీద క్షిపణి వచ్చి పడింది. మిగతావాళ్లు లైఫ్‌బోట్లలోకి దిగారు. వంటగది ఉన్న వైపు ముందు మునిగిపోయింది. వెతికాం, దొరకలేదని కొన్నాళ్లకి కంపెనీవాళ్లు ఒక కాగితం పంపారు. శవపెట్టె లేకుండానే చర్చిలో ప్రార్థన చేయించాం.

ఆ రోజే చర్చి ఎదురుగా ఫ్లెక్సీ లేచింది. తల మా తమ్ముడిది, ఒళ్లు ఎవరిదో. తెల్లటి నేవీ యూనిఫాం, ఛాతీ నిండా పతకాలు. కింద ‘దేశం కోసం ప్రాణాలర్పించిన వీరుడు’ అని రాసి, చుట్టూ నాయకుల ఫోటోలు పెట్టారు. అవి మా తమ్ముడి ఫోటో కంటే పెద్దవి. చచ్చినవాడి కళ్లు చారెడు అని ఊరికే అనలేదు. వాడు బతికుండగా ఆ నాయకుల్లో ఒక్కరికీ వాడి పేరు తెలీదు.

అయితే ఈ తప్పు ఫ్లెక్సీ కొట్టువాళ్లది కాదు, మా నాన్నది. నాన్న ధవళేశ్వరంలో ఒక ఆఫీసులో ముప్పై ఏళ్లు అటెండరుగా చేశాడు. ఆఫీసర్లకి టీలు అందించి, ఆ ఎంగిలి గ్లాసులు కడిగి, మమ్మల్ని చదివించాడు. నేను టీచర్నయ్యాను. కొడుకు మాత్రం యూనిఫాం వేసుకోవాలని, వాడికే ఎవరో ఒకరు టీ తెచ్చివ్వాలని ఆయన ఆశ. తమ్ముడు హోటలు కోర్సు చదివి, ఓడలో వంటకి కుదిరాడని తెలిసిన రోజు నాన్న అన్నం ముట్టలేదు. “నేను మోసిన ఎంగిలి చాల్లేదని వీడూ మొదలెట్టాడు” అన్నాడు. ఆ తర్వాత ఎవరడిగినా “మావాడు నేవీలో చేస్తున్నాడండి” అని చెప్పేవాడు.

తమ్ముడు సెలవుకొస్తే టీ కొట్టు దగ్గర అందరూ “ఏరా నేవీ, ఎప్పుడొచ్చావ్?” అని పలకరించేవాళ్లు. వీడు నవ్వేసేవాడు. నాకు ఒళ్లు మండేది. నిజం చెప్పెయ్యరాదా అంటే, “పోన్లే అక్కా, నాన్నకి అదో తృప్తి. నా కూర తిన్నోడెవడూ నా ఉద్యోగం ఏంటని అడగలేదు” అనేవాడు. వాడు అలాంటివాడు. నేను అలాంటిదాన్ని కాదు.

నెల తిరక్కుండానే మా ఊరి ప్రెసిడెంటు గారు సెంటర్లో విగ్రహం పెట్టిస్తానని మాటిచ్చారు. తమ్ముడు పోయాక నాన్న గడ్డం గీసుకోవడం ఆ రోజే చూశాను. అందుకే నోరు మూసుకున్నాను. మా వైపు విగ్రహం చేసేటప్పుడు, ముందు బంకమట్టితో చేసి, పోలిక కుదిరిందో లేదో చూసుకోమని ఇంటివాళ్లని పిలుస్తారు. కుదిరిందని మనం అన్నాకే అచ్చు తీస్తారు. మాకూ కబురొచ్చింది. ప్రెసిడెంటు గారి కారులో నాన్నా నేనూ రావులపాలెం దాటి, కాలవ గట్టు మీదున్న శిల్పి షెడ్డుకి వెళ్లాం.

మొహం చూసి నాకు ఏడుపు ఆగలేదు. ఆ బుగ్గలు, ఆ కింది పెదవి, అచ్చంగా వాడే. కన్నీళ్లు తుడుచుకుని కిందికి చూస్తే చేతిలో తుపాకీ. అరికాలి మంట నెత్తికెక్కింది.

“అది తీసెయ్యండి” అన్నాను.

శిల్పి కంగారుపడ్డాడు. “నేవీ అన్నారు కదండి. తుపాకీ లేకపోతే ఎలాగండి?”

“నేవీ కాదండి. వంటవాడు. చేతిలో గరిటె పెట్టండి.”

నాన్న తల వంచుకున్నాడు. పది మందిలో ఆయన పరువు తీస్తున్నానని నాకు తెలుసు. తెలిసే అన్నాను.

ప్రెసిడెంటు గారు నవ్వేశారు. “ఏంటండీ టీచర్ గారూ, గరిటె పట్టుకున్న విగ్రహం సెంటర్లో పెడితే పక్క ఊరోళ్లు నవ్వరా? ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టుంది మీ వరస.”

“నవ్వనివ్వండి. వాళ్లింట్లో గరిటె లేకుండా ఏ పూటైనా గడుస్తోందేమో అడగండి” అన్నాను. “తుపాకీ పెడితే ఏమవుతుందో తెలుసాండీ? వీడూ చంపడానికే వెళ్లాడు, వాళ్లూ చంపారు, చెల్లుకి చెల్లు అయిపోతుంది. వీడు ఎవరి మీదికీ వెళ్లలేదు. జనానికి అన్నం వండుతుంటే చంపారు. ఆ మాట చెరిపెయ్యడానికి నేను ఒప్పుకోను. పోలిక కుదిరిందని నా నోటితో అనను.”

నేను ఫోన్ తీసి నాన్న చేతిలో పెట్టాను. ఓడలో వాడితో పనిచేసిన ఒకాయన, ప్రాణాలతో బయటపడ్డాక పంపిన వీడియో అది. అంతవరకూ నాన్నకి చూపించే ధైర్యం నాకు లేకపోయింది. అందులో తమ్ముడు చెమటలు కక్కుతూ పెద్ద గిన్నెలో పులిహోర కలుపుతుంటాడు. ఓడ ఊగుతుంటుంది. రకరకాల దేశాలవాళ్లు పళ్లేలు పట్టుకుని ఈలలు వేస్తుంటారు. “కంగారొద్దు, అందరికీ వస్తుంది” అని వాడు తెలుగులోనే అంటాడు. ఎవరికీ అర్థం కాకపోయినా అందరూ నవ్వుతారు.

కొడుకు వంట చేస్తుండగా నాన్న చూడటం అదే మొదలు. కళ్లజోడు సర్దుకుని మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ పెట్టాను. మూడోసారి తనే నొక్కాడు.

ఈలోగా శిల్పి నా మాట విన్నాడో, నా వాలకం చూసి భయపడ్డాడో, తుపాకీ పీకేసి ఒక కర్రముక్కకి గరిటెలా మట్టి చుట్టి కుడి చేతిలో పెట్టబోయాడు. ప్రెసిడెంటు గారు “ఆగండి, ఆగండి. పెద్దాయన్ని చెప్పనివ్వండి” అన్నారు.

నాన్న ఫోన్ నాకిచ్చి, విగ్రహం దగ్గరికి నడిచాడు.

“ఎడమ చేతిలో పెట్టండి” అన్నాడు. “మావాడిది పుర్రచెయ్యండి. చిన్నప్పుడు ఆ చేత్తో అన్నం తింటున్నాడని కొట్టి మానిపించాను. ఓడలో మళ్లీ ఆ చేత్తోనే కలుపుతున్నాడు.”