స్క్రూలు కాస్త పట్టుకోండి

గవర్నర్‌పేటలో మిక్సీలు బాగుచేసే ఆయన ఏ వస్తువునూ యజమాని కళ్లెదుట తప్ప విప్పేవాడు కాదు. "కాస్త పట్టుకోండి" అంటూ ఊడదీసిన స్క్రూలు మన అరచేతిలోనే పోసేవాడు. ఓట్లకొచ్చిన నాయకుడు హామీల కరపత్రం ఇస్తే, "దీనికి స్క్రూలెక్కడున్నాయండీ? విప్పి చూద్దాం" అన్నాడు. సత్యం ఎవరి దృష్టిని బట్టి వారిదని ఒక ఫిలాసఫీ లెక్చరరు వివరిస్తే, "అయితే మీ గ్రైండరు తిరుగుతోందనే అనుకుని తీసుకెళ్లండి మాస్టారూ" అన్నాడు.

ఆఫరు చూసి మురిసిపోయి నేను కొన్న మిక్సీ వారానికే ఆగిపోయింది. షోరూం మేనేజరు పదిమందిలో "మీకు వాడటం రాదు మేడమ్" అన్నాడు. ఆ మాట నేను ఈరోజుకీ మరిచిపోలేదు, మరిచిపోను కూడా. మిక్సీని ఈయన దగ్గరికి తెచ్చాను. విప్పి చూపిస్తే లోపల ఉన్నది రంగేసిన పాత మోటారు.

"ఈ మాట అక్కడికొచ్చి చెబుతారా?" అని అడిగాను.

ఆయనకు సగం పని ఆ షోరూం నుంచే వచ్చేది. అయినా స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని నాతో బయలుదేరాడు. అలాంటి మనిషి నాకు తెలుసని చెప్పుకోవడం ఇప్పటికీ నాకు గొప్పే.

షోరూంలో అద్దాల కౌంటరు మీద, కొనడానికొచ్చిన వాళ్లందరి ముందూ మిక్సీ విప్పడం మొదలుపెట్టాడు.

"రేపట్నుంచి మా పని నీకుండదు, చూసుకో" అన్నాడు మేనేజరు.

"అలాగేనండీ. ముందు ఇవి కాస్త పట్టుకోండి" అంటూ స్క్రూలు అతని చేతిలో పోశాడు.

నాకు వాడటం రాదన్న మనిషి, ఆ పాత మోటారు బయటికొచ్చేదాకా నా ఎదుట చెయ్యి చాచుకుని నిలబడ్డాడు.