నాలుగు వేల తొంభై ఆరు

ఆఫీసులో అందరూ ఆమెను పేజీలక్క అంటారు. పుస్తకాల పేజీలు కావు. కంప్యూటరు తన మెమరీని సమానమైన ముక్కలుగా కోసి, అడిగిన ప్రోగ్రాముకల్లా పంచుతుంది. ఆ ముక్క పేరే పేజీ. పంచే పెత్తనం కెర్నెల్‌ది, అంటే యంత్రాన్ని నడిపే మూల ప్రోగ్రాముది. ఆ కెర్నెల్లో పంపకాల భాగం పన్నెండేళ్లుగా ఆమె చేతిలో ఉంది.

వాన లెక్క రాసే కొత్త యంత్రాలు వాతావరణ కేంద్రానికి వెళ్లిన మూడు వారాలకు అక్కడి గుమాస్తా ఫోన్ చేశాడు.

"మేడమ్, మీ పెట్టె లెక్క ప్రకారం గంట వాన పడి మూడు గంటలు ఆగుతోంది. మళ్లీ గంట, మళ్లీ మూడు గంటలు. ఇక్కడ కిటికీలోంచి చూస్తుంటే ఆగితే ఒట్టు!"

తోటివాళ్లు వాన కొలిచే పరికరాన్ని అనుమానించి తీగలతో సహా మార్పించారు. ఫలితం సున్నా. ఆమెకు మాత్రం ఆ నాలుగింట ఒక వంతు చెవిలో జోరీగలా తిరిగింది. పాత యంత్రంలో పేజీ అంటే నాలుగు వేల తొంభై ఆరు బైట్లు. కొత్తదానిలో సరిగ్గా నాలుగింతలు. పేజీని డిస్కులోకి ఎక్కించే చోట వెతికింది. పేజీ ఎంతుందో కనుక్కోకుండా అక్కడ పాత అంకె వేసి ఉంది. పావు భాగం రాసి, ముప్పావు గాలికొదిలేస్తోంది. ఆ వరుస రాసినవారి పేరు చూస్తే ఆమెదే. ఉద్యోగంలో చేరిన రెండో నెల.

ఇంటికెళ్లి, నర్సుగా పనిచేసే అక్కతో చెప్పింది.

"నేను రాశానని ఎవరూ చూళ్లేదే."

"మా వార్డులో తప్పు దాస్తే రోగి మీదకొస్తుంది. రేపు పొద్దున్నే చెప్పెయ్," అంది అక్క, కూర తరుగుతూనే.

మర్నాడు అందరి ముందూ చెప్పింది. మేనేజరు గడియారం చూసుకున్నాడు. "సరే, ఆ అంకె తీసి కొత్త అంకె పెట్టెయ్యండి. ఐదు నిమిషాల పని."

"వచ్చే ఏడు ఇంకా పెద్ద పేజీ వస్తే సార్? అంకె ఎక్కడా ఉండకూడదు. పేజీ ఎంతని ప్రతిచోటా యంత్రాన్నే అడగాలి."

"ఎన్ని చోట్లున్నాయేంటి?"

"నూట పదిహేడు."

ఆయన నుదురు కొట్టుకుని రెండు వారాలిచ్చాడు. ఐదు పట్టాయి. ఒక్కో మార్పునీ మూడు రకాల పేజీలున్న యంత్రాల మీద నడిపి చూసింది. నూట నాలుగో చోట ఇంకో తప్పు బయటపడింది, అది వేరొకరిది. ఆ పేరు ఆమె ఎవరికీ చెప్పలేదు, అతన్నే పక్కకు పిలిచి చూపించింది.

కొత్త కెర్నెల్ ఎక్కాక తెర మీద వాన గీత తెగకుండా వచ్చింది. అప్పటిదాకా పోయిన లెక్క మాత్రం తిరిగి రాలేదు. తప్పు తనదేనని గుమాస్తాకు తన పేరుతోనే ఉత్తరం రాసింది. ఆయన జవాబు రెండే వాక్యాలు: "అందింది. రోజుకు రెండుసార్లు వాన కొలత చేత్తో రాసుకున్న కాగితాలు నా దగ్గరున్నాయి, కంగారు పడకండి."