తోడు వచ్చిన తల్లులు

ఈ ఉదయం, తడిగుడ్డతో తుడిచిన పలకల వాసన గది నిండా ఉండగా, నేనొక తప్పు చేశాను. మాచర్లలో మా వీధి గ్రంథాలయంలో ఎండాకాలం సెలవులకు పిల్లలకు ఉచితంగా చదువు చెబుతున్నాం. ఉద్యోగం నుంచి ఎప్పుడో దిగిపోయి, ఎనభై దాటిన నాకు ఆ పని అప్పగించారు. చివరి వరుసలో ఆరేళ్ల కూతురి పక్కన మస్తాన్‌బీ అనే ఆమె చాప మీద కూర్చుని ఉంటే, "ఇది పిల్లలకమ్మా, పెద్దోళ్లు బయటుండాల" అన్నాను, అందరూ వింటుండగా. ఆమె కొంగు సర్దుకుని లేచి వెళ్లిపోయింది. పిల్ల కూడా ఆమె వెంటే పోయింది. అంతకుముందు ఆమె చూపుడువేలు చాప మీద నల్లబల్ల మీది అక్షరాన్ని దిద్దుతూ ఉండటం చూశాను. చూసి కూడా గ్రహించలేదు. గ్రహించకపోవడానికి నాకు సాకు లేదు, ఎందుకంటే మా అమ్మ చదువు నేర్చుకున్నది అలాగే.

నా చిన్నప్పుడు, రెండో ప్రపంచ యుద్ధం జరుగుతూ, కిరసనాయిలు కరువైన రోజులవి. కాలేజీ చదువు మధ్యలో ఆపి ఊరికి వచ్చిన ఓ కుర్ర మాస్టారు వర్తకుల సత్రం వరండాలో సాయంత్రం బడి పెట్టాడు. ఎవరి దగ్గరా ఒక్క కానీ కూడా తీసుకునేవాడు కాదు. దీపానికి నూనె లేదు గనక చీకటి పడేలోపే ముగించాలి. పగలంతా కాగిన నాపరాళ్ల మీద నీళ్లు చల్లితే లేచే ఆవిరి, ఆ తడి మీద రాలి అంటుకున్న వేపపూత, బడి వదిలేటప్పుడు దోసిట్లో పోసే వేయించిన శనగలూ బెల్లంముక్కా, శ్రీరామనవమి నాడైతే మిరియాల ఘాటుతో గొంతు దిగే పానకం, ఆకులో వడపప్పు, వీటికోసమే సగంమంది పిల్లలం పరిగెత్తేవాళ్లం. దుకాణదారుల పిల్లలూ, బండిచక్రాలు చేసే సాయిబుల పిల్లలూ ఒకే వరసలో కూర్చునేవారు.

మా వీధి ఆడవాళ్లు చదువుకోవడానికని గడప దాటితే ఊళ్లోవాళ్లు నవ్విపోయేవారు. పిల్లాడికి తోడు వెళ్తే మాత్రం ఎవరూ ఏమీ అనరు. అందుకని పిల్లల వెనక గోడవారగా తల్లులు చేరేవారు. మాస్టారు పలకల్లేని పిల్లల కోసమని చెప్పి చంద్రవంక వాగు ఇసుక తెప్పించి ఆ గోడవారనే పోయించాడు గానీ, అక్కడ ఏ పిల్లాడూ కూర్చున్నట్టు నాకు గుర్తు లేదు. ఆయన వాళ్లకేసి ఒక్కసారి కూడా చూసేవాడు కాదు. మావైపే చూస్తూ, గోడ దాకా వినపడేంత గట్టిగా, అక్షరం ఎక్కడ మొదలై ఎటు తిరిగి ఎక్కడ ఆగుతుందో చెప్పేవాడు. మేము రాసేసి ఒకరినొకరు గిల్లుకుంటున్నా, ఇసుకలో వేళ్ల కదలిక ఆగేదాకా తర్వాతి అక్షరానికి పోయేవాడు కాదు.

నేనప్పటికే మూడో తరగతి. అరుగు మీద పొగాకు నలుపుకుంటూ మా నాయనమ్మ అడిగింది: "ఏందే, మూడో తరగతోడికి మళ్లా అఆలేంది?"

"ఈడి రాత కుదరలేదంట అత్తా," అంది అమ్మ.

అలా నేను ఊరందరికీ చేతిరాత రానివాణ్ణయ్యాను. గోళీలాటలో నా వంతు వచ్చినప్పుడల్లా తోటివాళ్లు, "ఒరేయ్, ముందు అ దిద్దుకుని రారా" అనేవారు. ఒక సాయంత్రం ఉక్రోషం పట్టలేక గడ్డివాము వెనక దాక్కున్నాను. అమ్మ వెతుక్కుంటూ వచ్చింది. కొడుతుందనుకున్నాను. నా ముందు కూలబడి, చానా మెల్లిగా అంది: "నీకొచ్చని నాకు తెలుసురా. నువ్వు రాకపోతే నేనెట్టా పోయేది?"

ఆ తర్వాత ఎప్పుడూ మానలేదు. అలాగని సంతోషంగానూ పోలేదు, దారంతా మూతి ముడుచుకునే నడిచాను. వానలు మొదలైన రోజుల్లో ఒకసారి బజారులో అమ్మ బట్టలకొట్టు ముందు ఆగిపోయింది. పెదాలు కదుపుతూ పైనున్న బోర్డును ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటోంది. కొట్టాయన, "ఏం కావాలమ్మా?" అన్నాడు. "ఏం లేదన్నా, ఊరికే," అని నవ్వి, ఆ నవ్వుతోనే ఇల్లు చేరింది.

సత్రం ఇప్పుడు లేదు, ఆ చోట సెల్‌ఫోన్ల దుకాణాలున్నాయి. మాస్టారు లేడు, అమ్మా లేదు. ఉచితంగా ఏదైనా పెడితే ముందు బ్యానరూ ఫొటోలూ కావాలి, వచ్చినవాళ్ల పేరూ వయసూ కావాలి. ఎవరు ఎందుకు వచ్చారో తెలిసి కూడా అడగకుండా ఊరుకునే మర్యాద పోయింది. నాలోనూ పోయిందని ఈ ఉదయమే తెలిసింది.

మధ్యాహ్నం ఎండలోనే మస్తాన్‌బీ ఇంటికి వెళ్లాను. ఇంటి ముందు షెడ్డులో ఆమె భర్త మోటారు విప్పుతున్నాడు. ఆమె తలుపు చాటున నిలబడింది. అతని ముందు క్షమాపణ అడిగితే ఆమె దాచుకున్నది నేనే బయటపెట్టినట్టవుతుంది.

"ఏంది పెద్దాయనా, మా పిల్ల అల్లరి చేసిందా?" అన్నాడతను.

"లేదయ్యా. పొద్దున నేనే పొరపాటు చెప్పా. పిల్లలు ఒంటరిగా కూర్చోవట్లా. పక్కన తల్లి ఉండాల."

"రోజూనా? మరి ఇంట్లో పనో?"

"రోజూ. లేకపోతే పిల్లని చేర్చుకోం," అన్నాను, కాస్త కటువుగానే.

అలాంటి నియమం మా గ్రంథాలయంలో లేదు. తిరిగి వస్తూ, పిల్లల్ని గ్రంథాలయం గుమ్మం దగ్గర వదిలి పోతున్న మిగతా తల్లుల ఇళ్ల తలుపులన్నీ తట్టి అదే మాట చెప్పాను.