నాన్న వేసిన ఆర్కాటి వేషం

పోయిన నెల మా దీవిలోని వాలేలేవు టౌనులో, మార్కెట్టు వెనకనున్న స్కూలు హాల్లో, మా అమ్మాయి కూతురు రాసి ఆడించిన నాటకం చూడడానికి నన్ను టాక్సీలో తీసుకువెళ్ళారు. చెరకు పొలం వదిలి టౌనుకు వచ్చేసిన ఒక కుటుంబం కథ అది. ఎద్దుల్నీ బండినీ అమ్మేసి, అంతా అయిపోయాక భర్త ఇంటికొచ్చి రేపు వెళ్ళిపోతున్నామని చెబుతాడు, పొయ్యి దగ్గర కూర్చున్న భార్య తల తిప్పి అతని వైపు చూస్తుంది, అంతే. హిందీలో ఆడినా నాకు ఒక్క మాట కూడా అర్థం కాకుండా పోలేదు, ఇప్పుడు మా ఇళ్ళలో మాట్లాడుకునేది ఆ భాషే కదా. నాటకం అయ్యాక నా పక్కన కూర్చున్న మాస్టారొకాయన, ఇలాంటి సంగతులు స్టేజీ మీదికి రావడం ఈ కాలంలోనే మొదలైందనీ, వెనకటివాళ్ళకు దేవుళ్ళూ రాక్షసులూ తప్ప మరో కథ తెలియదనీ అన్నాడు. "నానీ, అచ్ఛా లగా?" అని, నచ్చిందా అమ్మమ్మా అని, మనవరాలు వచ్చి అడిగితే తల ఊపాను గాని, నా మనసు అప్పటికే నమాకా దగ్గరి కూలీ లైన్లకు వెళ్ళిపోయింది.

నా ఈడువాళ్ళకు లైన్ల గురించి చెప్పనక్కరలేదు. గది పక్కన గది, మధ్యలో కప్పు దాకా లేవని చెక్కగోడ, ఒక ఇంట్లో దగ్గితే నాలుగిళ్ళలో వినబడేది. మా అమ్మా నాన్నా విశాఖ వైపు నుంచి గిర్మిట్ మీద, అంటే అయిదేళ్ళ కూలీ ఒప్పందం మీద, ఓడెక్కి ఈ చెరకు దీవులకు వచ్చారు. నేను పుట్టింది ఆ చెక్కగోడల మధ్యనే. మా నాన్న తన ఊళ్ళో వీధి భాగవతాలకు మద్దెల వాయించేవాడట. ఇక్కడికొచ్చాక మేకతోలు సంపాదించి, ఒక చెట్టుమొద్దు తొలిచి, మద్దెల లాంటిది ఒకటి తయారుచేశాడు. దాని మోత మద్దెలకూ డప్పుకూ మధ్యలో ఎక్కడో ఉండేది. తెల్లవారకముందే పనిగంట కొట్టే రోజుల్లో రాత్రి ఆటలు ఎక్కడ కుదురుతాయి, ఆదివారం మధ్యాహ్నాలే మా నాటకాలు. ఆడవేషాలన్నీ ఓడ చిన్నాన్నవి. ఒకే ఓడలో కలిసి వచ్చిన పుణ్యానికి ఆయన మా నాన్నకు తమ్ముడై, నాకు చిన్నాన్న అయ్యాడు. రక్తసంబంధం ఏమీ లేదు, అయినా ఆ వరస జీవితాంతం నిలిచింది.

ఒక ఏడాది చెరకు కోతలు ముగిశాక చిన్నాన్న, రాజుల కథలు చాలు, ఈసారి మన కథే ఆడదామన్నాడు. సంతలో ఒక ఆడమనిషిని ఆర్కాటి మాయమాటలతో ఓడ ఎక్కించే కథ. ఆర్కాటి అంటే కూలీలకోసం ఊళ్ళమీద తిరిగే దళారి. మా లైన్లలో వాణ్ణి తిట్టుకోకుండా అన్నం తిన్నవాళ్ళు లేరు. అందుకే ఆ వేషం వెయ్యడానికి ఎవరూ ముందుకు రాలేదు. చివరికి మా నాన్నే, మద్దెల ఇంకొకరి చేతికిచ్చి, తలపాగా చుట్టి బొగ్గుతో మీసం దిద్దుకున్నాడు.

ఆ రోజు కూలీల మీద పెత్తనం చేసే సర్దారు కూడా వచ్చి ముందు పీట మీద కూర్చున్నాడు. నేను అమ్మ ఒళ్ళో ఉన్నాను. అమ్మ చీరనే కట్టుకుని చిన్నాన్న బుట్ట పట్టుకుని నడుస్తుంటే అందరూ నవ్వుతున్నారు. నాన్న ఎదురొచ్చి, గొంతు తగ్గించి, తేనె పూసినట్టు మాట్లాడడం మొదలుపెట్టాడు.

"సముద్రమంటే బయపడకు తల్లీ, ఏరు దాటినట్టే. అక్కడ సాటల్లో పంచదార సెరగడమే పని. మీ యమ్మకి సెప్పు, ఏడాది తిరక్కముందే వచ్చెత్తానని."

నవ్వులు ఆగిపోయాయి. ఆ మాటలు అక్కడున్న చాలామంది తమ చెవులతో విన్నవే. నన్ను చుట్టుకున్న అమ్మ చేతులు ఒక్కసారి వదులయ్యాయి. నేను జారి నేల మీద పడ్డాను. అమ్మ లేచి నిలబడి ఉంది.

"మా యమ్మకి అలగే సెప్పి వొచ్చినాను," అంది, గొంతు పెంచకుండానే. "అది ఇంకా వాకిట్లో కూకుని సూస్తంటాది. ఇప్పుడేటి సెప్పమంటావు?"

 అమ్మ ఆ మాట ఎందుకన్నదో నాకు అర్థమయింది చాలా ఏళ్ళ తరవాత, నేను బిడ్డల తల్లినయ్యాక, అమ్మ చెబితే. ఆర్కాటి ఆ కబుర్లు చెప్పింది నాన్నకు. నాన్న వాటిని నమ్మి, ఇంటికొచ్చి, పెళ్ళై ఏడాదైనా కాని అమ్మకు అవే మాటలు పొల్లు పోకుండా చెప్పి బయలుదేరదీశాడు. నాలుగైదేళ్ళుగా ఆ ఇద్దరూ ఒకే గదిలో బతుకుతూ ఎన్నడూ ఎత్తని మాట అది.

ఇదంతా నాటకంలో భాగమే అనుకుని సర్దారు తొడ చరిచి మెచ్చుకున్నాడు. చిన్నాన్న మాత్రం బుట్ట కింద పెట్టి, చీరకొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నాన్న తలపాగా తీసి చేత్తో పట్టుకుని, "నాకూ తెల్దే," అన్నాడు. ఆ మాట వేషగాడిది కాదని జనానికి తెలిసిపోయింది. వెనక వరసలో ఎవరో ముసలాయన ఏడవడం మొదలుపెట్టాడు, ఆయన్ని చూసి మరికొందరు.

మరుసటి ఆదివారం మళ్ళీ ఆడమని లైన్లన్నీ అడిగాయి. అప్పుడు చిన్నాన్న చీర మడిచి అమ్మ చేతికిచ్చాడు, నీ మాట నువ్వే చెప్పు వదినా అని. ఆడది వేషం కట్టడమేమిటని పెద్దలు కొందరు గొణిగారు. నాన్న ఒక్క ముక్క అన్నాడట, తను తీసుకొచ్చిన మనిషి మాట తన ఎదుటే వినాలని. అమ్మ ఆడింది. ఆ సరికి ఇది వేషం కాదు, ఆ ఆలుమగల సొంత కథేనని సర్దారుకు ఎవరో చెప్పారు, అతను దొరకు చేరవేశాడు. మూడో ఆదివారానికి మద్దెల మోగించకూడదని ఎస్టేటు దొర ఆజ్ఞ వచ్చింది, ఆ నాటకం అక్కడితో ఆగిపోయింది.

ఇంట్లో మాత్రం ఆగలేదు. గిర్మిట్ తీరి ఇంకా కొన్నేళ్ళు గడిచి, స్వదేశానికి ఊరికే తీసుకుపోయే ఓడ వచ్చిందని తెలిసినప్పుడు నాన్న అమ్మ దగ్గరికి వచ్చి, "ఈపాలి నువ్వే సెప్పు," అని గుమ్మంలో కూర్చున్నాడు. అమ్మమ్మ పోయిందన్న కబురు అంతకుముందే చేరింది. సాయంత్రం అమ్మ పెరట్లో వేసుకున్న వంగ మొక్కలకు నీళ్ళు పోసి వచ్చి, ఉండిపోదామంది. ఆ తరవాత కౌలుకు పొలం పట్టినా, నాకు సింగటోకా సంబంధం చూసినా, నాన్న ముందు అమ్మనడిగి గాని అడుగు వెయ్యలేదు.

ఆ లైన్లు ఇప్పుడు లేవు, ఆ పక్కనే విమానాశ్రయం వచ్చింది, విమానాల చప్పుడు తప్ప ఏమీ వినబడదు. స్టేజీలకు రంగు దీపాలొచ్చాయి, ఆడపిల్లలు నాటకాలు రాస్తున్నారు, అడ్డుచెప్పే దొర లేడు, అందుకు నాకు సంతోషమే. ఒక్కటే వెలితి. అమ్మ ఆ రోజు అన్న మాటను అదే యాసలో మా ఇంట్లో అనగలిగేదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. అప్పుడప్పుడు ఎవరూ లేనప్పుడు పైకే అనుకుంటూ ఉంటాను, నా గొంతు అమ్మ గొంతులాగే ఉంటుంది.